టెక్సాస్‌లో తుపాకీ: ముందు మీ వీసా చూసుకోండి

అయ్యా,

టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ వెంట పెట్టుకోవచ్చన్న మాట మనవాళ్లలో బాగా పాకింది. అది అర్హులకే. హెచ్‌-1బీ, ఎఫ్‌-1 వీసాలవారి దగ్గర తుపాకీయే కాదు, తూటా ఉన్నా ఫెడరల్ నేరమే. వేట లైసెన్సు వంటి మినహాయింపులు కొద్దిగానే ఉన్నాయి. షూటింగ్ రేంజ్‌లో సరదాకి అద్దె తుపాకీ పట్టుకున్నా ఇదే వర్తిస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. దయచేసి స్నేహితులు పిలిచారని వెళ్లకండి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ అడ్డంకి లేదు.

అర్హత ఉంటే లైసెన్సు తీసుకోవడమే మేలు. లైసెన్సులు గుర్తించే ఇతర రాష్ట్రాల్లో అది అక్కరకొస్తుంది. దరఖాస్తు ప్రజా భద్రతా శాఖకు ఆన్‌లైన్‌లో చేయాలి. మామూలు రుసుము 40 డాలర్లు, ఆపైన వేలిముద్రలు, 4 నుంచి 6 గంటల తరగతి, రాతపరీక్ష. కాల్పుల పరీక్షలో 50 తూటాలు: 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. మొత్తం 250కి 175 రావాలి. ట్రిగ్గర్‌ను మెల్లగా నొక్కక గుంజితే గురి చెదురుతుంది. 15 గజాల దగ్గర అది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

లైసెన్సు చేతికొచ్చినా, ఎర్రటి ‘51%’ బోర్డున్న (అంటే ఆదాయంలో 51 శాతం లేదా అంతకుమించి అక్కడే తాగే మద్యం అమ్మకాల నుంచి వచ్చే) బార్లలోకి తుపాకీ తీసుకెళ్లకూడదు.

– ఒక పాఠకుడు, డాలస్