కొర్రమట్ట పిల్లల గుంపు మీద గాలం వేయొద్దు

సంపాదకులకు,

చెరువుల్లో చేపపిల్లలు పోసే రోజులు వచ్చాయంటే నర్సంపేట, ములుగు, భూపాలపల్లి దిక్కు ఒకటే మాట వినబడుతుంది: “కొర్రమట్టలున్న చెరువులో విత్తనం పోస్తే వాటి నోట్లో పోసినట్టే.” అందుకే ముందుగా వాటిని ఏరిపారేయాలని వాదించేవాళ్లూ ఉన్నారు. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించుకున్న కొర్రమట్ట (కొర్రమీను) మీద ఈ నింద సగమే నిజం.

కొర్రమట్ట వెంటబడి తరిమే చేప కాదు. ఒడ్డు పొంటి తుంగలో, తామరాకుల నీడన కట్టె ముక్కలా కదలకుండా ఉండి, దగ్గరికొచ్చినదాన్ని ఒక్క ఉరుకులో అందుకుంటుంది. పళ్లున్నది పట్టు జారకుండా ఉండడానికే. ఎరను కొరికి ముక్కలు చేసుకోదు, నోట్లో పట్టినదాన్ని అట్లాగే మింగుతుంది. పురుగులు, కప్పపిల్లలు, రొయ్యలు, పరకలు ఏవి దొరికితే అవి తింటుంది. అంటే చెరువులో పోసే బొచ్చె, రవ్వ చేపల పిల్లలు బతకడం రెండింటి మీద ఆధారపడి ఉంది: పిల్ల ఎంత పొడవుంది, ఎక్కడ పోశారు. లారీ ఆగిన చోటే, గడ్డి ఒడ్డునే సంచులు విప్పి కుమ్మరిస్తే తప్పు చేపది కాదు.

ఏడాది పొడవునా నీళ్లుండే చెరువులకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు, ఎండాకాలం ఎండిపోయే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు ప్రభుత్వం తరఫున ఇస్తున్నారు. ఎండిన చెరువులో పిల్లలను తినే చేప మిగలదన్న లెక్క కొర్రమట్ట దగ్గర తప్పుతుంది. దానికి మొప్పల పైభాగాన గాలి పీల్చే అర ఉంది. నీళ్లు ఇంకిపోతుంటే తడి బురదలోకి దిగి, కొత్త నీరు వచ్చేదాకా అక్కడే ఉంటుంది. అడుగు పైకి పగుళ్లిచ్చి కనబడుతున్నా, శిఖంలో (చెరువు అడుగు భూమిలో) లోతు గుంటల దగ్గర కాలుతో తొక్కి చూసేవాళ్లకు ఈ సంగతి తెలుసు. గాలి మీద ఇంతగా ఆధారపడ్డ చేప కాబట్టే, వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది.

కాబట్టి చిన్న పిల్లలను నేరుగా చెరువులో పోయకుండా, పక్కన ఒక గుంటలో నెల, నెలన్నర పెంచి 80 మిల్లీమీటర్లు దాటాక వదలాలి. ఆ గుంటలో మాత్రం ఒక్క కొర్రమట్ట కూడా ఉండరాదు. వల లాగితే బురదలో దాక్కున్నది దొరకదు. మీటరు లోతు నీళ్లకు ఎకరానికి 1000 కిలోల ఇప్ప చెక్క (ఇప్ప గింజల నూనె తీశాక మిగిలే పిండి) నానబెట్టి చల్లితే పని అవుతుంది. అందులోని సపోనిన్ అనే విషపదార్థం చేప రక్తాన్ని దెబ్బతీస్తుంది. నీళ్లలో విషం విరిగిపోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఆ తర్వాత అదే ఎరువుగా పనికొస్తుంది. తొందరపడి పదో రోజునే పిల్లలను పోస్తే అవీ పోతాయి. ఊరి చెరువులో ఈ మందు వాడకూడదు. పిల్లలను వదిలేటప్పుడు సంచిని పదిహేను ఇరవై నిమిషాలు నీళ్ల మీద తేలనిచ్చి, పొద్దున చల్లపూట, లోతు దిక్కు విప్పాలి.

ఇక అసలు నష్టం జరిగేది తొలకరిలో. మృగశిర నాడు చేప తినాలని అందరూ ఎగబడేది, తల్లి కడుపులో గుడ్లు నిండే రోజుల్లోనే. వానలు పడి కొత్త నీరు రాగానే జంట కొర్రమట్టలు ఒడ్డు దగ్గర గడ్డిని తొలగించి గుండ్రంగా జాగా చేస్తాయి. అక్కడ పసుపు పచ్చని గుడ్లు నీళ్ల మీద తేలుతాయి. ఒకటిన్నర రోజు లోపే పిల్లలవుతాయి. కొన్ని రోజులకు అవి ఎర్రగా మారి గుంపు కడతాయి. మోకాటి లోతు నీళ్లలో చాటంత మేర కారం చల్లినట్టు కనబడుతుంది. కాస్త పెరిగి గాలికి పైకి రావడం మొదలయ్యాక ఆ చోట నీళ్లు సన్నగా ఉడుకుతున్నట్టుంటాయి. కింద పెద్ద చేప కాపలా ఉంటుంది. రెండంగుళాలు దాటి, ఎరుపు పోయి మట్టిరంగు వచ్చేదాకా ఈ కాపలా తప్పదు.

ఈ గుంపు మీదుగా కప్ప గుచ్చిన గాలం లాగితే పెద్దచేప తప్పక పడుతుంది. అది ఆకలితో కరవదు, పిల్లల మీదికొచ్చినదాన్ని తరమడానికి కరుస్తుంది. అందుకే అంత సులువు. అది పోయిన మరుక్షణం జెల్లలు, నీటిపాములు, కొంగలు, సాటి కొర్రమట్టలు గుంపు మీద పడతాయి. ఒక పూట కూర కోసం వేల పిల్లలు పోతాయి. దోమతెర గుడ్డతో ఆ పిల్లలను ఎత్తుకుపోయి తొట్టిలో పెంచుదామనుకునేవాళ్లకూ మిగిలేది తక్కువే. వారానికోసారి సైజుల వారీగా వేరు చేయకుంటే పెద్దది చిన్నదాన్ని మింగుతుంది.

మత్స్య సహకార సంఘాలు ఆరుద్ర నుంచి మఖ కార్తె దాకా ఒడ్డున గాలం ఆపాలి. పూడిక తీసేటప్పుడు, గడ్డి కోసేటప్పుడు మత్తడికి (అలుగుకు) దూరంగా ఒక మూలను ముట్టుకోకుండా వదలాలి. గుంపు కనబడ్డ చోట ఒక కర్ర పాతి గుడ్డ పేలిక కట్టినా చాలు, నెల దాటాక తీసేయవచ్చు.

— ఒక పాఠకుడు, నర్సంపేట