సౌదీ ప్రపంచకప్: అడగాల్సింది కాంట్రాక్టులు రాసుకునేటప్పుడే

సంపాదకులకు,

సౌదీ అరేబియాలో జరగబోయే 2034 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌ను బహిష్కరించాలనే వాదన గురించి ఈ ఉత్తరం. మానవహక్కుల సంస్థ ఆమ్నెస్టీ లెక్క ప్రకారం 2024 ఒక్క ఏడాదిలోనే అక్కడ కనీసం 345 మందికి మరణశిక్ష అమలైంది. కార్మిక సంఘం పెట్టుకోవడమే నేరం. కాబట్టి కోపం సబబే. బహిష్కరణ ఎప్పుడు, ఏం సాధించడానికి అన్నదే తేలాల్సిన సంగతి.

1980 జనవరిలో అమెరికా అధ్యక్షుడు కార్టర్ అఫ్గానిస్తాన్ నుంచి నెల రోజుల్లో వైదొలగాలని, లేదంటే ఒలింపిక్స్‌కు రాబోమని సోవియట్‌కు గడువు పెట్టారు. అరవైకి పైగా దేశాలు మాస్కో ఒలింపిక్స్‌కు వెళ్లలేదు. సైన్యం వెనక్కి వచ్చింది మాత్రం 1989లో.  వర్ణవివక్ష నాటి దక్షిణాఫ్రికా కథ వేరు. జట్టులో రంగు చూడొద్దన్న డిమాండు ఆటలోనే తీర్చగలిగింది. పైగా ఆటలాడొద్దని ప్రపంచాన్ని కోరింది అక్కడి బాధితులే. వాళ్లతో ఆడాల్సిన 1974 డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్‌ను మనం వదులుకుంటే కప్పు వాళ్లకే పోయింది, అయినా వెనక్కి తగ్గలేదు. దొంగచాటు పర్యటనలు సాగినా, 1991 నవంబరులో కోల్‌కతాలో వన్డే ఆడేదాకా క్రికెట్‌లో అసలు తలుపు తెరుచుకోలేదు.

ఖతర్‌కు ప్రపంచకప్ దక్కింది 2010 డిసెంబరులో. 2014 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థలో దాని మీద ఫిర్యాదు పడింది. విచారణ కమిషన్ వేస్తారేమోనన్న భయంతో 2017లో ఒప్పందానికి వచ్చింది. 2018లో ఆ సంస్థ కార్యాలయం దోహాలో తెరిచారు. 2020లో కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఎన్‌ఓసీ, అంటే అనుమతి పత్రం, ఇవ్వకపోయినా కంపెనీ మారే హక్కు వచ్చింది. 2021 మార్చి నుంచి కనీస జీతం వెయ్యి రియాళ్లు. కంపెనీ గది ఇవ్వకపోతే ఇంకో 500, తిండి పెట్టకపోతే 300. అమలులో లొసుగులున్నా ఇవి కాగితం మీదికి వచ్చాయి. బహిష్కరణ కేకలు పెరిగేసరికి ఈ పని చాలావరకు అయిపోయింది. నార్వే సమాఖ్య కూడా 2021 జూన్‌లో ఓటింగ్ పెట్టి 368–121తో బహిష్కరణ వద్దంది. 2022 నవంబరులో జర్మనీ ఆటగాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఫొటో దిగింది కార్మికుల కోసం కాదు, వివక్షకు వ్యతిరేకంగా కెప్టెన్లు కట్టుకోవాలనుకున్న చేతిపట్టీని ఫిఫా అడ్డుకున్న గొడవ మీద. అప్పటికే ఆ స్టేడియాలు కట్టిన మనవాళ్లు ఎందరో పని ముగిసి, వీసా రద్దయి (ఎగ్జిట్ మీద) ఇళ్లకు చేరిపోయారు.

ఇక చావుల లెక్క. గార్డియన్ పత్రిక 2021లో ఐదు దక్షిణాసియా దేశాల వాళ్లు 6,500 మందికి పైగా ఖతర్‌లో చనిపోయారని రాసింది. అందులో భారతీయులు 2,711. ఇవన్నీ స్టేడియం చావులు కావు, అన్ని పనుల్లో అన్ని కారణాలతో పోయినవాళ్లు. ప్లకార్డుల మీద మాత్రం స్టేడియం ఖాతాలోనే రాసేశారు, ఖండించడానికి ఖతర్‌కు సులువైంది. అసలు మోసం మరణ ధ్రువపత్రంలో ఉంది. ముప్పై ఏళ్ల మేస్త్రీ రాత్రి పడుకుని తెల్లారి లేవకపోతే ‘గుండె ఆగింది, సహజ మరణం’ అని రాస్తారు, శవపరీక్ష చాలావరకు ఉండదు. ఆ ఒక్క ముక్కతో రెండు వైపులా దారి మూసుకుపోతుంది. అక్కడి చట్టంలో పరిహారం పనివల్ల పోతేనే. ఇక్కడ ప్రవాసీ భారతీయ బీమా యోజన 10 లక్షలు ప్రమాదంలో పోతేనే. తెలంగాణ ప్రభుత్వం 2024లో తెచ్చిన 5 లక్షల ఎక్స్‌గ్రేషియాకు కారణంతో పని లేదు, అది నయం. కానీ అది మన ఖజానా సొమ్ము, కంపెనీది కాదు.

గుండె ఎందుకు ఆగుతుందో ఎండను చూస్తే తెలుస్తుంది. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం. అంటే గడియారమే కొలత. జెద్దా, అల్ ఖోబార్ సముద్రపు ఒడ్డు ఊళ్లు. సాయంత్రం ఐదింటికీ ఉక్క తగ్గదు, చెమట ఆరదు, ఒంట్లో వేడి బయటికి పోదు. ఖతర్ 2021లో నిషేధ వేళలు పెంచి, దాంతోపాటు ఎండ, తేమ, గాలి కలిపి కొలిచే మీటరు 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలని రూలు పెట్టింది. సౌదీ స్టేడియాలకు అడగాల్సింది ఆ మీటరే.

రెండోది ఏజెంటు డబ్బు. చట్ట ప్రకారం గల్ఫ్ పనికి పంపే ఏజెంటు తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఊళ్లో సబ్ ఏజెంటు గుంజేది అంతకు రెట్టింపులు, రసీదు ఉండదు. ఖతర్ స్టేడియం కాంట్రాక్టర్లు చాలామంది రసీదు అడక్కుండానే ఆ సొమ్మును నెలనెలా జీతంతో కలిపి తిరిగి కట్టారు. అయితే ఆ మేలు ప్రధానంగా స్టేడియం కంపెనీల పనివాళ్లకే దక్కింది, హోటళ్లు, రోడ్లు, మెట్రో కట్టినవాళ్లలో చాలామందికి కాదు.

సౌదీకి 2034 ఆతిథ్యం 2024 డిసెంబరు 11న వీడియో సమావేశంలో చప్పట్లతో ఖాయమైంది. పోటీలో ఇంకెవరూ లేరు. మానవహక్కుల ముప్పు ‘మధ్యస్థం’ అని ఫిఫా తేల్చేసింది. నార్వే ఒక్కటే చప్పట్లు కొట్టబోమని అభ్యంతరం రాసి పంపింది. 15 స్టేడియాల్లో చాలావరకు ఇంకా కట్టాల్సినవే. మీటరు, ఏజెంటు ఫీజు వాపసు, ప్రతి చావుకూ శవపరీక్ష, క్యాంపుల్లోకి బయటి కార్మిక సంఘాల తనిఖీ. ఈ నాలుగూ కాంట్రాక్టులోకి ఎక్కాలంటే అవి రాసుకునేటప్పుడే పట్టుబట్టాలి. ఒప్పుకోకపోతే అప్పుడు ఆడబోమనే మాటకు బలం ఉంటుంది.

ఇది బయటివాళ్లకు చెప్పే నీతి మాత్రమే కాదు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల పనుల్లో రోజుకు 9.25 రూపాయల కనీస కూలిలో, కూలీలను తెచ్చే జమాదారు రూపాయి కోసుకునేవాడు. కనీస కూలి కన్నా తక్కువ ఇస్తే అది రాజ్యాంగం 23వ అధికరణం కింద వెట్టిచాకిరీయేనని సుప్రీంకోర్టు క్రీడలు మొదలవడానికి రెండు నెలల ముందు తీర్పు చెప్పింది.

ఫిఫాలోని 211 సభ్య సంఘాల్లో మన ఫుట్‌బాల్ సమాఖ్య ఒకటి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటైనా అది ఫిఫాను రాతపూర్వకంగా అడిగిందో లేదో మీ విలేకరి కనుక్కుని ప్రచురిస్తే గల్ఫ్ బాట పట్టే ఇళ్లకు పనికొస్తుంది.

– ఒక పాఠకుడు, కోరుట్ల, జగిత్యాల జిల్లా