సిమ్యులేషన్ పీహెచ్‌డీ ప్రకటనల్లో ఈ వివరాలూ రాయండి

సంపాదకుల వారికి,

ఇంజనీరింగ్, భౌతిక శాస్త్రాల్లో పీహెచ్‌డీ సీట్ల ప్రకటన ఏది చూసినా ఈమధ్య సిమ్యులేషన్ అన్న మాట కనిపిస్తోంది. మంచిదే. బ్యాటరీ లోపల అయాన్లు ఎలా కదులుతున్నాయో, టర్బైన్ బ్లేడు మీద గాలి ఎక్కడ విడిపోతోందో కంప్యూటర్‌లో చూడగలగడం చిన్న విషయం కాదు, ఆసక్తి ఉన్నవాళ్లు తప్పకుండా చేరాలి. కానీ చేరేముందు తెలియాల్సినవి ఆ ప్రకటనల్లో ఉండటం లేదు.

నేను చేరినప్పుడు కోడ్ సిద్ధంగా ఉందన్నారు. ఉన్న మాట నిజమే, ఎవరో రాసి వెళ్లిపోయిన వేల లైన్లు, వేరియబుల్స్‌కి ఏ1, ఏ2, టెంప్3 అని పేర్లు, ఎక్కడా ఒక్క కామెంట్ లేదు, అడుగుదామంటే తెలిసినవాళ్లూ లేరు. అందరూ పంచుకునే పెద్ద కంప్యూటర్ క్యూలో రోజుల తరబడి ఆగి నా లెక్క మొదలైతే, మూడో రాత్రి లాగ్ ఫైల్ తెరిచి చూసేసరికి అంకెలుండాల్సిన చోట వరసగా ఎన్ఏఎన్, ఎన్ఏఎన్, అంటే ‘ఇది అంకె కాదు’, లెక్క చెడిపోయిందని. జవాబు ముందే తెలిసిన ఒక చిన్న లెక్కకి ఆ కోడ్ చేత సరైన జవాబు చెప్పించడానికే ఏడాది దాటింది. థీసిస్‌లో ఆ ఏడాదికి దక్కింది ఒక్క పేరా.

ల్యాబ్ సామాను అక్కర్లేదు కాబట్టి ఖర్చు లేదనుకుంటారు, అదీ తప్పే. లెక్క కోసం వస్తువుని చిన్న చిన్న గడులుగా విడగొడతారు, ఆ అల్లికే మెష్. మూడు దిక్కుల్లోనూ మెష్‌ని రెట్టింపు సన్నగా చేస్తే గడులు ఎనిమిదింతలవుతాయి, చాలా పద్ధతుల్లో టైమ్ స్టెప్ (లెక్క ఒక్కో అడుగులో ముందుకు జరిగే కాలం) కూడా సగం చేయాలి కాబట్టి పని పదహారింతలవుతుంది. అలా సన్నం చేసి చూడకుండా ఫలితాన్ని నమ్మకూడదు. 1991లో నార్వేలో స్లైప్నర్ ఏ ఆయిల్ ప్లాట్‌ఫామ్ కాంక్రీటు కట్టడం మునిగిపోయింది. కారణం వెతికితే, సరిగ్గా లేని మెష్‌తో చేసిన ఫైనైట్ ఎలిమెంట్ లెక్క (ఇలా గడులుగా విడగొట్టి చేసేదే) షియర్ స్ట్రెస్‌ని, అంటే గోడని కోసేలా పనిచేసే ఒత్తిడిని, 47 శాతం తక్కువ చూపించిందని తేలింది.

కోడ్ రాసినవాళ్లకి పేరు రాకపోవడం కూడా పాత జబ్బే. ఫెర్మి, పాస్టా, ఉలామ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తల 1955 నివేదికలోని లెక్కలకి మేనియాక్ కంప్యూటర్ మీద ప్రోగ్రామ్ రాసింది మేరీ సింగౌ. ఆమెకి ఫుట్‌నోట్‌లో కృతజ్ఞతలు చెప్పారు, యాభై ఏళ్లపాటు ఆ సమస్యని మాత్రం మిగతా ముగ్గురి పేర్లతోనే పిలిచారు.

అందుకే గైడ్లని అడుగుతున్నాను. కోడ్ ఎవరిది, విద్యార్థి రాసిన భాగాన్ని తన పేరుతో బయటపెట్టుకోవచ్చా, ఏడాదికి ఎన్ని కోర్ అవర్స్ (ఒక ప్రాసెసర్ కోర్ ఒక గంట వాడకం) ఇస్తారు, ఫలితాల్ని పోల్చి చూడటానికి ప్రయోగాల డేటా ఇప్పటికే చేతిలో ఉందా, ఇవన్నీ ప్రకటనలోనే రాయండి, నాలుగు లైన్లు పడుతుంది అంతే. రాయకపోతే అప్లై చేసేవాళ్లు మొహమాటపడకుండా అడగాలి, ఆ గ్రూపులో ఇప్పుడున్న విద్యార్థితో గైడ్ పక్కన లేనప్పుడు ఒక అరగంట మాట్లాడాలి. నేను అడగలేదు, అడగొచ్చని అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు.

ఇట్లు,
సిమ్యులేషన్‌లో పీహెచ్‌డీ చేసిన ఒక పాఠకుడు