వ్యాపారుల ఖాతాలకు రక్షణ ఉంది, చెప్పేవారే లేరు

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా ఎడిషన్‌లో సైబర్ మోసం వార్త వచ్చినప్పటి నుంచి మా ఆటోనగర్‌లో ఏ షాపుకు వెళ్లినా అదే మాట. సరుకు పంపే పార్టీ మెయిల్ నుంచే 'మా ఖాతా మారింది, ఈసారి డబ్బు ఈ నంబరుకు వేయండి' అని వస్తే నమ్మి ఒక వ్యాపారి ఆర్టీజీఎస్ (బ్యాంకు ద్వారా పెద్ద మొత్తాలు పంపే పద్ధతి) చేశాడు. నష్టపోయినవాడిదే తప్పన్నట్టు రాశారు. చివర్లో అధికారుల మాట: ప్రజలు అప్రమత్తంగా ఉండాలి. ఏళ్ల తరబడి ఈ ఒక్క మాట చెప్పి అందరూ చేతులు దులుపుకుంటున్నారు.

మాకు లూథియానా, రాజ్‌కోట్, ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి లారీ విడిభాగాలు వస్తాయి. బేరం ఫోన్లో, బిల్లు మెయిల్లోనో వాట్సాప్‌లోనో. మోసగాళ్లు ఆ పార్టీ మెయిల్‌లోకి దూరి, అసలు బిల్లులోనే ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మార్చి పంపుతారు. సరుకు వివరాలు, జీఎస్టీ నంబరు, పైసలతో సహా మొత్తం అన్నీ సరిగ్గానే ఉంటాయి. గుమాస్తా ఎలా పసిగడతాడు? ఖాతా మారిందని ఎవరు చెప్పినా, మన పుస్తకంలో ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి, తెలిసిన మనిషితో మాట్లాడాకే డబ్బు పంపాలని మా షాపులో కట్టడి పెట్టాం. బిల్లు మీదున్న నంబరుకు చేస్తే ఎత్తేది ఆ దొంగే కావచ్చు.

మేం చేసుకోగలిగింది చేసుకుంటున్నాం. మరి బ్యాంకులు? టీ కొట్టులో పది రూపాయలు యూపీఐ చేస్తే అవతలివారి పేరు ఫోన్లో కనబడుతుంది. 2 లక్షల నుంచి మొదలయ్యే ఆర్టీజీఎస్‌కు మాత్రం ఏళ్లపాటు ఆ సదుపాయం అందరికీ లేదు. ఫారంలో మనం పేరు రాసినా డబ్బు జమయ్యేది ఖాతా నంబరును బట్టే. పేరు కలవకపోయినా పడిపోతుంది. చివరికి 2024 డిసెంబరు 30న రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది. ఆర్టీజీఎస్, నెఫ్ట్ (ఖాతాకు డబ్బు పంపే మరో పద్ధతి) చేసే ముందు ఖాతాదారుడి అసలు పేరు చూపించే ఏర్పాటు 2025 ఏప్రిల్ 1 లోగా ఉండాలని, దానికి చార్జీ తీసుకోకూడదని అందులో ఉంది. యాప్, నెట్ బ్యాంకింగ్ వాడేవారికే కాదు, బ్రాంచికి వెళ్లి డబ్బు పంపేవారికీ వర్తిస్తుంది. మా బ్రాంచిలో దీని గురించి అడిగితే కౌంటర్లో ఉన్నవారికి అలాంటిది ఒకటుందనే తెలియదు!

అలాగే గుమాస్తా ఒక లాగిన్‌తో ఎంట్రీ వేస్తే, యజమాని తన ఫోన్ నుంచి ఆమోదించాకే డబ్బు కదిలే పద్ధతి ఒకటుంది. అది తెలియక చాలా షాపుల్లో యజమాని పాస్‌వర్డ్, ఓటీపీ వచ్చే ఫోనూ రెండూ గుమాస్తా చేతిలోనే ఉంటున్నాయి. ఆ ఫోన్‌కు చలానా అనో కేవైసీ అనో ఒక ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు) వచ్చి, నొక్కితే ఖాతా ఖాళీ. మా ఖాతాకు ఆ పద్ధతి పెట్టమంటే 'చిన్న షాపులకు అదెందుకండీ' అన్నారు. అదే ఊపులో బీమా పాలసీ కాగితం ముందుకు తోశారు. పాలసీలు అమ్మే ఓపిక ఖాతా కాపాడే మాట చెప్పడానికి ఎందుకు లేదు? మేనేజరుకు మన భాష రాదు, మాట అర్థమయ్యేలోపు బదిలీ అయిపోతాడు.

మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా ఎవరో ఖాతాలోంచి డబ్బు కాజేస్తే, 3 పనిదినాల్లో చెప్పినవారికి నష్టం ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2017 జులైలోనే చెప్పింది. ఖాతాదారుడిదే తప్పని రుజువు చేయాల్సిన భారం కూడా బ్యాంకుదే. మనంతట మనం పంపిన డబ్బుకు ఇది వర్తించదు, అందుకే ముందే పేరు చూసుకోవడం అంత ముఖ్యం. ఎలా పోయినా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు నిమిషాల్లో పోతుంది. బ్రాంచి ఎప్పుడు తెరుస్తారా అని సోమవారం దాకా కూర్చుంటే మిగిలేదేమీ ఉండదు.

ఇంకో అన్యాయం. ఎవరో కొనుగోలుదారు మోసపు డబ్బుతో సరుకు కొని యూపీఐ కొడితే, ఎక్కడో వేరే రాష్ట్ర పోలీసుల లేఖతో ఇక్కడి షాపు కరెంట్ ఖాతా మొత్తం ఆపేస్తున్నారు. తగాదా కొన్ని వేలదే అయినా జీతాలు, ఈఎంఐలు, జీఎస్టీ అన్నీ ఆగిపోతాయి. ఎవరిని అడగాలో బ్యాంకు చెప్పదు, ఆ స్టేషన్ ఫోన్ ఎత్తదు. దొంగను పట్టుకోలేనివారు బిల్లు రాసి సరుకు అమ్మినవాడి పీక పట్టుకుంటే ఎలా?

జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంకు అధికారులు ఈసారి జరిగే జిల్లా బ్యాంకర్ల సమావేశంలో ఈ విషయం పెట్టాలి. పేరు సరిచూసే సదుపాయం, రెండు లాగిన్ల పద్ధతి, 1930 నంబరు, ఈ మూడూ తెలుగులో రాసి ప్రతి బ్రాంచిలో కరెంట్ ఖాతా కౌంటర్ దగ్గర అంటించాలి. వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపి, మిగతా ఖాతా నడవనివ్వాలి. ఏ బ్యాంకులో ఏది అమలవుతోందో మీ విలేకరులు బ్రాంచీలకు వెళ్లి అడిగి రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విడిభాగాల వ్యాపారి,
ఆటోనగర్, విజయవాడ