రేకుల షెడ్డులో బండి, హాల్లో వైఫై

అంబాజీపేట,
శనివారం రాత్రి.

ఒరేయ్ చంటీ,

మీ షెడ్డులో ఉన్న కరెంటు కారుకి వైఫై ఎందుకు అందట్లేదో ఫోన్లో చెబితే సగం విని "సరేలేరా, ఇంకో పెద్ద రూటర్ ఆర్డరు పెట్టేస్తాను" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ముందు ఆ ఆర్డరు ఆపు. ఇదంతా చదివాక ఏం కొనాలో చూద్దాం.

గురువారం పొద్దున్నే మీ ఇంటికి వెళ్ళాను. బోడసకుర్రు వంతెన దాటి పాశర్లపూడి మీదుగా వెళ్తుంటే 1995 గుర్తొచ్చింది. ఆ జనవరిలో గ్యాస్ బావి ఎగదన్ని అంటుకున్న బ్లోఅవుట్ మంట రెండు నెలల పైన ఆరలేదు కదా, రాత్రిళ్ళు మీ మేడెక్కి ఆకాశం ఎర్రగా ఉంటే చూస్తూ కూర్చునేవాళ్ళం. బాబాయి వీధి అరుగు మీదే ఉన్నారు. నన్ను చూడగానే "మావాడు పంపేడేటి?" అన్నారు. అవునండి అన్నాను. పిన్ని పనసపొట్టు కూర వండింది. అది తిన్నాకే బండి దగ్గరికి వెళ్ళనిచ్చింది.

రాత్రి పెట్టిన చార్జింగు యాప్‌లో కనిపించడం లేదని నువ్వు అక్కడ పుణెలో కంగారు పడుతున్నావు గానీ, బండికి ఏమీ కాలేదు. లక్షణంగా ఉంది. షెడ్డులో ఉన్నంతసేపూ దాని మాట బయటికి రావట్లేదు, బయటి మాట దానికి వినపడట్లేదు, అంతే. లోపలున్న సిమ్ముకి టవరు అందదు, ఇంట్లో వైఫై అక్కడిదాకా రాదు. బండి సాఫ్ట్‌వేర్‌కి పెద్ద అప్‌డేట్ వచ్చి కూర్చుంది, దిగడం లేదు. బాబాయికి ఈ గొడవ తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. ఆయన రోజూ పొద్దున్న తీసి తాటిపాక వెళ్ళొస్తారు, రాత్రి చార్జింగు పెడతారు. కానీ నీకు కావాల్సింది వేరే. డెబ్భై దాటిన మనిషి వానలో బండి తీసుకెళ్తే ఇల్లు చేరారో లేదో, ఎంత చార్జింగు మిగిలిందో నీకు కనిపించాలి. నాకు అర్థమైంది. అందుకే ఇంత పట్టించుకుంటున్నాను.

ఇదే తిప్పలు నేను పోయినేడు పడ్డాను. మా షెడ్డు పెరట్లో ఉంది, నీకు తెలుసుగా, ధాన్యం బస్తాలు వేసేవాళ్ళం. కొబ్బరిచెట్టు కింద బండి పెట్టే ధైర్యం మన కోనసీమలో ఎవరికీ ఉండదు. కాయ పడితే అద్దం పోతుంది, మట్ట పడితే టాపు సొట్టపోతుంది. కాబట్టి ఆ షెడ్డుకే మూడు వైపులా, పైనా జింకు రేకులు కొట్టించి, ముందు షట్టరు పెట్టించాను. బండి భద్రంగా ఉంది. వైఫై చచ్చిపోయింది.

అసలు వైఫై కూడా రేడియో తరంగమే. దానికి ఇనుము అంటే గోడ కాదు, అద్దం లాంటిది. తగిలింది తగిలినట్టు వెనక్కి కొట్టేస్తుంది. ఇటుక గోడ అలా కాదు, కొంత మింగి కొంత వదులుతుంది. చెక్క తలుపు దాదాపు అంతా వదులుతుంది. ఇప్పుడు లెక్క చూడు. బండి ఒళ్ళే ఒక ఇనప డబ్బా, కిటికీ అద్దాల్లోంచే తరంగం లోపలికి దూరాలి. ఎండ ఆపడానికి లోహపు పూత వేసిన అద్దమైతే అదీ కష్టమే. ఆ డబ్బాని తీసుకెళ్ళి ఇంకో ఇనప డబ్బాలో పెట్టి షట్టరు దించాం. రూటరేమో హాల్లో టీవీ పక్కన, మధ్యలో మా తాతల నాటి అడుగున్నర గోడలు రెండు.

మొదట నేనూ నీలాగే ఆలోచించాను. వంటింటి గుమ్మం దగ్గర ఒక ఎక్స్‌టెండర్, అంటే రూటర్ వైఫైని అందుకుని ముందుకి పంచే డబ్బా, తగిలించాను. బండి తెర మీద గీతలు నిండుగా వచ్చాయి. సంబరపడ్డాను. కానీ అప్‌డేట్ రాత్రంతా పెట్టినా కదల్లేదు. ఎందుకో అర్థం కావడానికి వారం పట్టింది. బండికి కనిపించే గీతలు ఎక్స్‌టెండర్‌కీ బండికీ మధ్య బలం చెబుతాయి. ఎక్స్‌టెండర్‌కి హాల్లో రూటర్ ఎంత వినిపిస్తోందో చెప్పవు. అది తనకి అందిందే కదా పంచాలి. పైగా ఒకే రేడియో ఉన్న ఎక్స్‌టెండరైతే విన్న మాటని మళ్ళీ అదే చానెల్లో చెప్పాలి కాబట్టి వేగం ఇంచుమించు సగానికి పడిపోతుంది. బావిలో నీళ్ళు లేనప్పుడు చేదలు ఎన్ని ఉంటే ఏం లాభం?

అప్పుడు ఫోన్లో వైఫై బలం కొలిచే యాప్ ఒకటి వేసుకుని, బండిలో కూర్చుని, తలుపులు మూసి, అద్దాలెత్తి చూశాను. నువ్వు ఈ అంకె ఒక్కటి నేర్చుకో, మిగతావన్నీ వాటంతటవే తెలుస్తాయి. డీబీఎం అంటారు. మైనస్‌లో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 50 అంటే పక్కనే ఉన్నట్టు. మైనస్ 67 దాకా హాయిగా పని జరుగుతుంది. మైనస్ 80 దాటిందంటే పేరు కనిపిస్తుంది గానీ పని కాదు. ప్రతి మూడుకీ బలం సగమైపోతుంది, పదికి పదో వంతు. షట్టరు దించితే నాకు మైనస్ 84 చూపించింది, ఎత్తితే మైనస్ 73. ఆ పదకొండు అంకెలూ ఒక్క రేకు తలుపు ఆపినవే. రూటరు బలం రెట్టింపు చేసినా మూడు అంకెలే కలిసొస్తాయి. అక్కడ తెలిసింది నాకు, బలంతో పని లేదు, దారితోనే పని అని.

దారి ఎలా ఇచ్చానో చెబితే నువ్వు నమ్మవు. వెలుతురు కోసం షెడ్లకి మధ్యమధ్యలో వేస్తారే, తెల్లగా మసకగా ఉండే ఫైబర్ రేకు, అది. వంటింటి కిటికీ వైపున్న గోడలో రెండు జింకు రేకులు ఊడదీసి వాటి చోట ఫైబర్ రేకులు బిగించాం. ఒక పూట పని. ఫైబర్ రేకు వాననీ కాయనీ ఆపుతుంది, తరంగాన్ని ఆపదు. తర్వాత రూటర్ని హాల్లోంచి తీసి వంటింటి కిటికీ పక్క అటక మీదికి మార్చాం. అంకె మైనస్ 64కి వచ్చింది. అంటే ముందుకన్నా వంద రెట్లు బలం. ఆ రాత్రే అప్‌డేట్ దిగిపోయింది.

రూటర్ మార్చినప్పుడు ఇంకో సంగతి గమనించాను. యాంటెన్నా కర్రని షెడ్డు వైపు వేలెత్తి చూపినట్టు వంచితే బలం తగ్గింది, నిటారుగా నిలబెడితే పెరిగింది. కర్ర చివర్లోంచి ఏమీ రాదురా. గారె చిల్లులో కర్ర దూర్చినట్టు ఊహించుకో, తరంగం ఆ గారెలా కర్ర చుట్టూ పరుచుకుంటుంది. మేడ మీద రూటర్ పెట్టి కింద బండి పెట్టుకునేవాళ్ళకి సరిగ్గా ఆ చిల్లు కిందే బండి ఉంటుంది, పైగా మధ్యలో కాంక్రీటు శ్లాబు, దాన్నిండా ఇనప చువ్వలు. అలాంటి ఇంట్లో ఒక కర్రని అడ్డంగా పడుకోబెట్టాలి.

బండి ఎక్కడ ఆపామన్నదీ తేడా చేస్తుంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. రేకులకి తగిలి వెనక్కొచ్చిన తరంగాలు ఒకదాన్నొకటి కొన్నిచోట్ల కలుపుకుంటాయి, కొన్నిచోట్ల చంపుకుంటాయి. బెత్తెడు జరిగితే చాలు, అంకె మారుతుంది. అందుకని అందకపోతే బండిని ఓ జానెడు ముందుకో వెనక్కో జరిపి మళ్ళీ చూడు. మా బండి రివర్సులో పెడితే తెర మీద ఒక గీత ఎక్కువ వస్తుంది. నేల మీద సున్నంతో గుర్తు వేసుకున్నాను, చక్రం అక్కడికే తెస్తాను.

సరే, ఇప్పుడు మీ ఇంటి సంగతి. నా మందు మీకు పనిచేయదు. మీ షెడ్డు ఇంటిని ఆనుకుని లేదు, తోట చివర గేటు పక్కనుంది. అడుగులేసి కొలిచాను, డెబ్భై మీటర్లు తక్కువ కాదు. మధ్యలో కొబ్బరి, అంతరపంటగా కోకో, అరటి. నీళ్ళు నిండిన పచ్చి ఆకు ఈ తరంగాన్ని బాగా పీల్చుకుంటుంది, వాన పడితే మరీనూ. వేసవిలో కాస్తో కూస్తో అందినా శ్రావణం వచ్చేసరికి పోతుంది. పైగా కోళ్ళు దూరకుండా షెడ్డు ముందు అరంగుళం కన్నాల ఇనప జాలీ కొట్టించారు బాబాయి. గాలీ వెలుతురూ వస్తున్నాయి కాబట్టి వైఫై కూడా వస్తుందనిపిస్తుంది. రాదు. మైక్రోవేవ్ ఓవెన్ తలుపు అద్దం వెనక చిల్లుల రేకు చూశావుగా, లోపల కూర కనిపిస్తుంది, తరంగం మాత్రం బయటికి రాదు. అదీ ఇంచుమించు ఇదే తరంగం. తరంగం పొడవుకన్నా కన్నం బాగా చిన్నదైతే అది ఇంచుమించు నిండు రేకుతో సమానం. కాబట్టి నువ్వు ఎంత పెద్ద రూటర్ కొన్నా ఆ జాలీ దగ్గర ఆగిపోతుంది.

నా మాట విను. వైఫైని అక్కడిదాకా విసరకు, తీగ మీద అక్కడికి పంపు. షెడ్డు లోపలే చిన్న యాక్సెస్ పాయింట్ ఒకటి, అంటే తీగ మీద వచ్చిన నెట్‌ని వైఫైగా పంచే డబ్బా, పెడదాం. అప్పుడు ఆ రేకులూ జాలీయే మనకి మేలు, లోపలి తరంగం లోపలే ఉండి బండికి అందుతుంది.

తీగ విషయంలో మాత్రం నేను పట్టు విడవను. మామూలు నెట్‌వర్క్ కేబులు వంద మీటర్ల దాకా పనిచేస్తుంది కాబట్టి దూరానికి సరిపోతుంది. కానీ అది రాగి. మన దగ్గర పిడుగుల సంగతి నీకు నేను చెప్పాలా? మా వీధిలో ఒకరింట్లో మేడ మీంచి లాగిన రాగి తీగ వల్ల ఒక్క ఉరుముకి రూటరూ టీవీ రెండూ పోయాయి. మీ షెడ్డులో ఆ తీగ రెండో కొసన లక్షల ఖరీదు చేసే బండి చార్జింగులో ఉంటుంది. అందుకని ఫైబర్ కేబులే వేద్దాం. ఇనప తీగ లేనిది అడగాలి, ఊరి కేబులు వాళ్ళు స్తంభాలకి కట్టేవాటిలో ఆసరాకి ఉక్కు తీగ ఉంటుంది. గాజు పోగులో కరెంటు పారదు. రెండు కొసలా రెండు మీడియా కన్వర్టర్లు, అంటే ఫైబర్‌లో వచ్చే కాంతిని మామూలు కేబులు సంకేతంగా, దాన్ని మళ్ళీ కాంతిగా మార్చే డబ్బాలు. మీ ఊరి కేబులు అబ్బాయిని అడిగాను, తీగ కొసలు అతికి ఇస్తానన్నాడు. గాజు కాబట్టి కొబ్బరీనె మడిచినట్టు మడవకూడదు, మలుపుల్లో వెడల్పుగా తిప్పాలి. వెలుగుతున్నప్పుడు దాని కొసలోకి కన్ను పెట్టి చూడకూడదు, ఆ కాంతి కంటికి కనపడదు గానీ చెరుపు చేస్తుంది. పిన్నికీ, తోటలో పనికొచ్చేవాళ్ళకీ ఇది నేనే చెబుతాను.

కేబుల్ని పీవీసీ పైపులో దూర్చి పాతిపెడదాం. చెట్ల మీంచి లాగితే ఉడతలు కొరికేస్తాయి, కొబ్బరి దింపు తీసేటప్పుడు గెల పడినా తెగుతుంది. షెడ్డులో యాక్సెస్ పాయింట్ డబ్బా మాత్రం ఎత్తులో ఉండాలి. 2022 జులై వరదకి మీ షెడ్డు గోడ మీద పడ్డ నీటి మరక ఇంకా ఉంది, బాబాయే చూపించారు. దానికి మూరెడు పైన మేకు కొడతాను.

కరెంటు అక్కడ ఎలాగూ ఉంది. ఒక్కటి మాత్రం జాగ్రత్త. చార్జింగు సాకెట్‌కి మల్టీప్లగ్ పెట్టి అందులోంచి ఈ డబ్బాకి ఇవ్వకూడదు. ఆ సాకెట్లో రాత్రంతా పద్నాలుగు పదిహేను ఆంపియర్లు పారుతుంది, మల్టీప్లగ్ వేడెక్కి కరిగిపోతుంది. వేరే చిన్న బోర్డు వేయిస్తాను.

సెట్టింగులు నువ్వు అక్కణ్ణుంచే చేసుకోవచ్చు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకీ 5 గిగాహెర్ట్జ్ వైఫైకీ వేరువేరు పేర్లు పెట్టు, ఒకే పేరుంటే బండి దూరం పోలేని 5ని పట్టుకుని వేలాడుతుంది. 2.4లో చానెల్ 1, 6, 11ల్లో ఖాళీగా ఉన్నది తీసుకో, చానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. భద్రత, అంటే వైఫైకి వేసే తాళం రకం, డబ్ల్యూపీఏ2 పెట్టు. మా బండికి కొత్త రకం డబ్ల్యూపీఏ3 పెడితే పేరు చూపించింది గానీ కలవలేదు, మార్చగానే కలిసింది.

ఈలోపల అప్‌డేట్ గురించి బెంగపడకు. ఆదివారం నేను వెళ్ళినప్పుడు నా ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, బండిని గేటు బయట రోడ్డు మీద ఆపి దింపేస్తాను, అక్కడ 4జీ బాగుంది. దిగాక ఎక్కించడం మాత్రం బాబాయి భోజనం చేసి పడుకున్నాకే మొదలుపెడతాను. ఎక్కుతున్నంతసేపూ బండి కదలదు, ఆయనకి సంత పని గుర్తొస్తే ఇబ్బంది.

నువ్వు చేయాల్సినవి ఇవే. రెండు కన్వర్టర్లు, ఒక యాక్సెస్ పాయింట్ ఆర్డరు పెట్టు, మీ ఇంటి అడ్రసుకే. పైపు నేను అమలాపురంలో కొంటాను, డబ్బుల మాట ఎత్తకు. రూటర్ పాస్‌వర్డ్ మెసేజ్ పెట్టు, బాబాయి రాసిపెట్టిన కాగితం పిన్ని పోపుల డబ్బాలో దాచిందట, దొరకట్లేదు.

పిన్ని నీకు తాటి తాండ్ర పంపింది. కొరియర్ వద్దందిరా, నువ్వొచ్చి తీసుకెళ్ళాలట. మా ఇంట్లో పెట్టి ఉంచాను.

నీ
అబ్బులు