ఆ నైట్ డ్యూటీ సిస్టర్‌కి, వార్డులో అందరికీ కృతజ్ఞతలు

నిన్న అమ్మకి కుట్లు తీయించడానికి ఆస్పత్రికి వెళ్లాం. నైట్ డ్యూటీ సిస్టర్ పగటిపూట ఉండదు కదా, కలవలేకపోయాం. అందుకే ఇక్కడ నలుగురి ముందూ చెప్పుకుంటున్నాను.

అమ్మకి 79 ఏళ్లు. బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు కాఫీ తాగి, అన్నయ్యతో వీడియో కాల్ కూడా మాట్లాడింది. రెండో రోజు రాత్రికి మనిషే మారిపోయింది. గోడ మీద చీమలు పాకుతున్నాయంది. ఎప్పుడో అమ్మేసిన గేదెకి పాలు పితకాలి, లేవనివ్వమని కేకలేసింది. సెలైన్ సూది పీకేసింది, దుప్పటంతా రక్తం. నన్ను చూసి "ఎవరమ్మా నువ్వు?" అంది. గాలి సోకిందేమో, తాయెత్తు కట్టించమని పెద్దమ్మ ఫోన్. అమ్మకి మతి పోయింది, ఇక ఇంతే అనుకుని నేను వరండాలో కూర్చుని ఏడ్చాను.

అప్పుడొచ్చింది ఆ సిస్టర్. "ఏడవకండి అక్కా, ఇది సంధి. డెలీరియం అంటారు. పెద్దవాళ్లకి ఆపరేషన్ తర్వాత వస్తుంటుంది. కారణం వెతికితే చాలామందికి తగ్గుతుంది" అంది. ఆ వెంటనే అడిగిన మాట, "మామ్మగారి కళ్లజోడేది? చెవి మిషనేది?" ఆపరేషన్‌కి ముందు తీసి బ్యాగులో పెట్టేశాం. మూడు రోజులుగా అమ్మకి ఏదీ సరిగ్గా కనబడక, వినబడక ఉందన్న ఆలోచనే మాకు రాలేదు. సిస్టర్ దూది తడిపి అద్దాలు తుడిచి, జోడు అమ్మ చెవులకి మెల్లగా తగిలించింది. "మామ్మగారూ, ఇది ఆస్పత్రి. మీ కాలికి ఆపరేషన్ అయింది. అదిగో మీ అమ్మాయి" అని మూడుసార్లు నిదానంగా చెప్పింది. చేతులు కట్టేద్దామని ఎవరో అన్నా ఒప్పుకోలేదు. పొత్తికడుపు తాకి చూసి, యూరిన్ నిండిపోయి బిగుసుకుందని కనిపెట్టింది. ఆ అర్ధరాత్రే డాక్టరు గారికి ఫోన్ చేసింది.

రక్తపరీక్షలో సోడియం, అంటే రక్తంలో ఉప్పు, 122 వచ్చింది. 135కి తగ్గకూడదట. తెల్లారాక డాక్టరు గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అంతా విడమరిచి చెప్పారు. ఎముక విరిగినా, కోత పడినా ఒంట్లో రోగనిరోధక కణాలు సైటోకైన్లనే రసాయనాలను వదులుతాయి. రక్తంలో ఉన్నవన్నీ మెదడులోకి పోకుండా ఆపే గోడ ఒకటుంటుంది. వయసుతో అది వదులవుతుంది. అప్పుడు ఆ అలజడి మెదడుకీ పాకి, అక్కడి కాపలా కణాలు మైక్రోగ్లియా రెచ్చిపోతాయి. ధ్యాస నిలవడానికి కావలసిన ఎసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనం పెద్దవాళ్లలో ముందే తక్కువగా ఉంటుంది. దాని మీద నొప్పి, నిద్రలేమి, ఇన్‌ఫెక్షన్, ఆక్సిజన్ తగ్గడం, అమ్మకిలా సోడియం తగ్గడం, ఏది తోడైనా మెదడు తట్టుకోలేదు.

"ఇంట్లో వేసుకునే మాత్రలన్నీ చూపించండి" అంటే సంచి బోర్లించాను. మాటిమాటికీ యూరిన్ రాకుండా వేసే మాత్ర, దురదకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర, ఈ రెండూ ఆ ఎసిటైల్‌కోలిన్‌కే అడ్డుపడతాయట. బీపీ మాత్రలో కలిసున్న, ఒంట్లో నీటిని యూరిన్‌గా బయటికి పంపే మందు సోడియం తగ్గిస్తుందట. ఏళ్ల తరబడి ఆ మాత్రలు లెక్కపెట్టి చేతికిచ్చింది నేనే. ఆయన ఒక్క మాట కూడా నన్ననలేదు. ఆ ఓపికకి రెండు చేతులూ జోడిస్తున్నాను.

ఆయన చెప్పిన ఇంకో సంగతి మీ అందరికీ తెలియాలి. అరిచేవాళ్లకే సంధి అనుకోకూడదు. పలక్కుండా, తినకుండా, మగతగా పడి ఉన్న పెద్దవాళ్లలోనూ ఇదే ఉండొచ్చు. నీరసంలే అని వదిలేస్తాం.

సోడియం ఒక్కసారిగా ఎక్కిస్తే మెదడుకే ప్రమాదమట, అందుకని నెమ్మదిగా సరిచేశారు. పొద్దున్నే కర్టెన్ తీసి వెలుతురు రానిచ్చి, అమ్మని కుర్చీలో కూర్చోబెట్టిన ఆయమ్మకి, రాత్రి పదికల్లా లైట్లార్పించిన వార్డు బాయ్‌కి, వాకర్‌తో నాలుగడుగులు వేయించిన ఫిజియోథెరపీ అబ్బాయికి దండాలు. డాక్టరు గారు రోజూ వారాలు వెనక్కి చెప్పమనేవారు. మొదటి రోజు ఆదివారం, శనివారం అని ఆగిపోయి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. ఐదో రోజు సోమవారం దాకా గడగడా చెప్పేసింది. నేను మళ్లీ వరండాలోకి పరిగెత్తాను.

ఇప్పటికీ సాయంత్రమయ్యేసరికి కాస్త తడబడుతోంది. కొన్ని వారాలు పట్టొచ్చన్నారు. ఆ గేదె, చీమలు, రక్తం, అమ్మకి ఏవీ గుర్తు లేవు. కానీ నిన్న వార్డు ముందు ఆగి "నా కళ్లజోడు తుడిచిన పిల్ల ఏదే?" అంది. రాత్రి ఎనిమిదికి గానీ రాదన్నారు. మంగళవారం మళ్లీ చెకప్ ఉంది. ఈసారి ఎనిమిది దాకా ఉండి, కలిసే వస్తాం.