టెలిస్కోపు సమయానికీ నోటిఫికేషన్ ఉంటుంది, దాన్నీ అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

శ్రీహరికోటలో రాకెట్ లేచిన మర్నాడు మన పత్రికల మొదటి పేజీ దానిదే. కౌంట్‌డౌన్ ఎప్పుడు మొదలైందో, ఏ దశ ఎన్నో సెకనులో విడిపోయిందో అన్నీ వస్తాయి. 2015 సెప్టెంబరు 28న పీఎస్ఎల్వీ-సీ30 మన తొలి అంతరిక్ష వేధశాల ఆస్ట్రోశాట్‌ను 650 కిలోమీటర్ల ఎత్తున వదిలినప్పుడూ అలాగే వచ్చాయి. ఐదేళ్ల కోసం కట్టిన ఆ ఉపగ్రహం పదేళ్లు నిలిచింది. ఇంతకాలం అది ఎటు చూడాలో ఎవరు చెబుతున్నారన్న సంగతి మాత్రం తెలుగు పాఠకుడికి చేరలేదనే చెప్పాలి. చేరితే మన కాలేజీలకు మేలని ఈ ఉత్తరం.

ఆస్ట్రోశాట్ సమయం దరఖాస్తు పెట్టి తెచ్చుకునేది. చాలా ఏళ్లుగా ఇస్రో ప్రకటన ఇచ్చి పరిశీలన ప్రతిపాదనలు పిలుస్తోంది. దేశంలోని పరిశోధన సంస్థల్లో, యూనివర్సిటీల్లో, కాలేజీల్లో పనిచేస్తూ ఖగోళ పరిశోధన చేసేవారు అర్హులు. కాలేజీలూ ఉన్నాయి, గమనించండి. గ్రూప్స్ నోటిఫికేషన్ వస్తే అర్హత, సిలబస్, చివరి తేదీ బాక్సు కట్టి వేస్తారు. ఈ ప్రకటనకూ ఒక బాక్సు కట్టమని నా కోరిక. అందులో ఏముంటే విద్యార్థికి పనికొస్తుందో రాస్తున్నాను.

ప్రతిపాదనలో రెండు భాగాలు కీలకం. ఆ వస్తువును ఎందుకు చూడాలన్నది ఒకటి, అసలు చూడగలమా అన్నది రెండోది. కొత్తగా రాసేవాళ్లు మొదటిదాని మీదే శ్రమంతా పెడతారు. దెబ్బ తినేది రెండోదాని దగ్గర.

ముందు సమయం లెక్క చూద్దాం. ఆస్ట్రోశాట్ భూమిని ఒకసారి చుట్టడానికి సుమారు 98 నిమిషాలు పడుతుంది. దాని అతినీలలోహిత టెలిస్కోపు యూవిట్ ఉపగ్రహం భూమి నీడలో ఉన్నప్పుడే పనిచేస్తుంది. అంటే చుట్టుకు మహా అయితే అరగంట, 1,800 సెకన్లు. ఎవరైనా 20,000 సెకన్ల పరిశీలన అడిగితే కనీసం 12 చుట్లు కావాలి, అంటే దాదాపు 20 గంటలు. 20,000 సెకన్లంటే ఐదున్నర గంటలే కదా అని రాసినవారికి తాము అతినీలలోహిత టెలిస్కోపును దాదాపు ఒక రోజంతా అడుగుతున్నామని తెలియదు. ఎక్స్‌రే పరికరాలు పగటి భాగంలోనూ పనిచేస్తాయి. వాటికి వేరే అడ్డంకులున్నాయి. భూమి మధ్యలోకి వస్తుంది. దక్షిణ అట్లాంటిక్ మీద రేడియేషన్ ఎక్కువగా ఉన్న ప్రాంతాన్ని దాటేటప్పుడు డిటెక్టర్లను కాపాడుకోవాలి. ఆ ప్రాంతం వీలైనంత తక్కువ తగలాలనే ఆస్ట్రోశాట్ కక్ష్యను భూమధ్యరేఖకు 6 డిగ్రీల వాలులో పెట్టారు.

తర్వాత ఎప్పుడు చూడాలన్న ప్రశ్న. సూర్యుడి పక్కకు టెలిస్కోపును తిప్పకూడదు. వృషభ రాశిలోని క్రాబ్ నెబ్యులానే తీసుకోండి. మృగశిర కార్తెలో, జూన్ నడిమికి, సూర్యుడు సరిగ్గా ఆ దిశలో ఉంటాడు. ఆ రోజులకు అటూ ఇటూ కొన్ని వారాలు క్రాబ్‌ను అడిగి ప్రయోజనం లేదు. కార్తెలు తెలిసిన మన రైతుకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు, సూర్యుడు ఏ నక్షత్రం దగ్గరున్నాడో ఆ నక్షత్రం రాత్రి కనిపించదు. ఉపగ్రహం ముందుకు పోయే దిశకు మరీ దగ్గరగానూ టెలిస్కోపును ఎక్కుపెట్టరు. ఆ ఎత్తులోనూ పలుచగా ఉండే ఆక్సిజన్ పరమాణువులు వేగంగా వచ్చి తగిలి అద్దాల పూతను తినేస్తాయి. ఇన్ని షరతులు దాటి మిగిలిన రోజులే ఆ వస్తువుకు దొరికే అవకాశం. గ్రహణం పట్టే జంట నక్షత్రం ఫలానా గంటకే చూడాలంటే ఆ అవకాశం ఇంకా ఇరుకవుతుంది. ఆ సంగతి ప్రతిపాదనలో ముందే రాయాలి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది పక్కనున్న నక్షత్రాలను. యూవిట్ ఒకేసారి 28 ఆర్క్‌నిమిషాల వెడల్పున్న వృత్తాన్ని చూస్తుంది, దాదాపు పున్నమి చంద్రుడంత. మీరు అడిగిన గెలాక్సీ మసకగా ఉండవచ్చు. ఆ వృత్తం అంచున ఒక వేడి నీలి నక్షత్రం ఉంటే డిటెక్టరు దెబ్బతింటుంది. మామూలు ఫొటోలో ఆ నక్షత్రం అంత ప్రకాశంగా కనపడకపోవచ్చు, అతినీలలోహితంలో మాత్రం మండిపోతుంది. అందుకే నాసా అతినీలలోహిత ఉపగ్రహం గేలెక్స్ తీసిన చిత్రాల్లో ఆ ప్రాంతాన్ని ముందే వెతికి, సెకనుకు ఎన్ని ఫోటాన్లు (కాంతి రేణువులు) వస్తాయో లెక్కకట్టి, తగిన ఫిల్టరు ఎంచుకోవాలి. పాలపుంత పట్టీలోనూ, దాని పక్క గెలాక్సీలైన మెగెల్లానిక్ మేఘాల్లోనూ వేడి నక్షత్రాలు కిక్కిరిసి ఉంటాయి కనుక అక్కడ ఈ చిక్కు ఎక్కువ.

పరికరాల ఇప్పటి ఆరోగ్యం తెలియకుండా రాసినా పని చెడుతుంది. యూవిట్‌లోని సమీప అతినీలలోహిత విభాగం 2018 మార్చిలో ఆగిపోయింది. ఆ తర్వాత మిగిలింది దూర అతినీలలోహిత విభాగమే. లాక్స్‌పీసీ అనే ఎక్స్‌రే పరికరంలో మూడు డిటెక్టర్లుండేవి. ఒకటి గ్యాస్ లీకై మూతపడింది, ఇంకొకదాని గెయిన్ (సంకేతాన్ని పెంచే పాళ్లు) నిలకడగా లేదు. పాత వ్యాసంలోని లెక్కలు ఎత్తిరాస్తే మూడు డిటెక్టర్లున్నట్టు సమయం తక్కువ అడుగుతారు, డేటా చాలదు.

చిన్న పొరపాట్లూ ఖరీదైనవే. ఆకాశంలో రేఖాంశం లాంటిది విషువాంశం, దాన్ని గంటల్లోనూ డిగ్రీల్లోనూ రాస్తారు. క్రాబ్ విషువాంశం 5 గంటల 34 నిమిషాల 32 సెకన్లు. డిగ్రీల్లో అది 83.63. గంటల అంకెను డిగ్రీల గడిలో 5.58 అని వేస్తే టెలిస్కోపు ఆకాశంలో ఇంకో మూలకు తిరుగుతుంది.

ఇంకో మాట. అడగబోయే వస్తువును ఇప్పటికే చూశారేమో ముందు ఆర్కైవ్‌లో వెతకాలి. బెంగళూరు దగ్గర బ్యాలాలులోని అంతరిక్ష శాస్త్ర డేటా కేంద్రంలో ఆస్ట్రోశాట్ డేటా 2018 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. పరిశీలన అడిగినవారికి కొంతకాలం ప్రత్యేక హక్కు, ఆ తర్వాత ఎవరైనా దించుకోవచ్చు. మన విద్యార్థుల అసలు నిధి ఇదే. 2016 నుంచి 2018 మార్చి దాకా రెండు అతినీలలోహిత విభాగాలూ కలిసి తీసిన చిత్రాలు అందులో ఉన్నాయి. అలాంటివి మళ్లీ తీయడం ఆస్ట్రోశాట్‌కు సాధ్యం కాదు. గేలెక్స్ ఐదు ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) దగ్గర మసకబారితే యూవిట్ ఒకటిన్నర దాకా విడదీసి చూపుతుంది.

ఈ డేటాలో ఏముంటుందో ఒక ఉదాహరణ. 2016 అక్టోబరులో హబుల్ లోతైన చిత్రం తీసిన ప్రాంతాన్నే యూవిట్ 28 గంటలకు పైగా చూసింది. పుణెలోని ఖగోళ పరిశోధన కేంద్రం ఐయూకా శాస్త్రవేత్త కనక్ సాహా బృందం 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీ నుంచి వచ్చిన తీవ్ర అతినీలలోహిత కాంతిని అందులో పట్టుకుంది. ఆ గెలాక్సీకి ఏయూడీఎఫ్ఎస్01 అని పేరు. విశ్లేషణకు దాదాపు రెండేళ్లు పట్టింది, ఫలితం 2020లో వెలువడింది. యూవిట్ అద్దం వ్యాసం 38 సెంటీమీటర్లే. హబుల్‌ది 2.4 మీటర్లు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఇంత పెద్ద పని అక్కరలేదు. ఆకాశపు ఉత్తర ధ్రువం దగ్గరి నక్షత్ర గుచ్ఛం ఎన్‌జీసీ 188తో మొదలుపెట్టవచ్చు. యూవిట్ మొదట కన్ను తెరిచి చూసింది దాన్నే, పరికరం సున్నితత్వం తగ్గిందా అని చూసుకోవడానికి పదేపదే తిరిగి చూసిందీ దాన్నే. చిత్రం దించుకుని, ఒక్కో నక్షత్రం చుట్టూ వృత్తం గీసి ఫోటాన్లు లెక్కపెట్టి, గయా ఉపగ్రహం తయారుచేసిన నక్షత్రాల కేటలాగ్‌తో జతచేస్తే, గుచ్ఛం వయసుకు మించి నీలంగా ఉన్న బ్లూ స్ట్రాగ్లర్లు బయటపడతాయి. అలాంటి ఒకదాని పక్కన దాగిన వేడి నక్షత్రాన్ని పట్టించిందీ యూవిట్టే.

పొరపాటు జరిగేది మూడు చోట్ల. ఉపగ్రహం మెల్లగా ఊగుతుంటుంది. దృశ్యకాంతి విభాగం తీసే చిత్రాలతో ఆ ఊపును లెక్కగట్టి సరిచేస్తారు. అది సరిగా కుదరకపోతే ఒక్క నక్షత్రం గీతలా సాగుతుంది, లేదా రెండుగా కనిపిస్తుంది. డిటెక్టరు సెకనుకు సుమారు 29 ఫ్రేములు తీస్తుంది. ఒకే ఫ్రేములో ఒకే చోట రెండు ఫోటాన్లు పడితే ఒకటిగానే లెక్కిస్తుంది. కాబట్టి ప్రకాశవంతమైన నక్షత్రానికి ఆ లోటును సవరించకపోతే అది ఉన్నదానికన్నా మసక అని తేలుతుంది. స్థానాలు కొన్ని ఆర్క్‌సెకన్లు పక్కకు జరిగి ఉండవచ్చు కనుక గయాతో కలిపేముందు సరిచూసుకోవాలి. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టనక్కరలేదు. లినక్స్ ఉన్న మామూలు కంప్యూటరు, మంచి ఇంటర్నెట్ చాలు. ఐయూకాలోని ఆస్ట్రోశాట్ సహాయ కేంద్రం వర్క్‌షాపులూ నడిపింది.

మన దగ్గర పునాది లేక కాదు. నిజామియా వేధశాల 1901 నాటిది. ఉస్మానియాలో ఖగోళశాస్త్ర విభాగం ఉంది, జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు నిలిపిన చరిత్ర ఉంది. ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు చదివింది నిజాం కాలేజీలో. రంగాపూర్ టెలిస్కోపుకు నగర వెలుగులూ మబ్బులూ అడ్డమయ్యాయి. బ్యాలాలు ఆర్కైవ్‌కు ఆ బాధ లేదు, శ్రీకాకుళంలోనైనా ఆదిలాబాద్‌లోనైనా అదే డేటా. ఉభయ రాష్ట్రాల యూనివర్సిటీలు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సెమిస్టరు ప్రాజెక్టుల్లో కొన్నయినా దీనికి కేటాయించాలి. రెండు మూడు జిల్లాలకు ఒకరుగానైనా ఇందులో తర్ఫీదు పొందిన అధ్యాపకుడు ఉండాలి. ఆర్కైవ్‌తో చేయి తిరిగినవారే రేపు గట్టి ప్రతిపాదన రాయగలరు.

తొందర ఎందుకంటే, ఆస్ట్రోశాట్ ఆయుష్షు ఎప్పుడో దాటింది. 2024 జనవరి 1న వెళ్లిన ఎక్స్‌పోశాట్ ఎక్స్‌రేలకే పరిమితం. అతినీలలోహితానికి ఒక మీటరు తరగతి అద్దంతో ఇన్‌సిస్ట్ అనే టెలిస్కోపును మన శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు, అది ఇంకా ఆకాశానికి చేరలేదు. దాన్ని అడిగేవారి జాబితాలో తెలుగు రాష్ట్రాల కాలేజీల పేర్లూ కనిపించాలి.

ఇస్రో ప్రతిపాదనలు పిలిచిన రోజున కెరీర్ పేజీలో నాలుగు అంగుళాల చోటివ్వండి. ఎవరు అర్హులో, ఏ పరికరాలు పనిచేస్తున్నాయో, ఎక్కడ పంపాలో వేయండి. చివరి తేదీ పెద్ద అక్షరాల్లో ఉండనివ్వండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
సూళ్లూరుపేట